వినికిడి లేని అబ్బాయిని గోదాములోకి పంపమంటున్నారు: దుకాణదారుగా నేనేం చేయాలి?

ప్రశ్న అడిగినవారు: హనుమకొండ బట్టల దుకాణం

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో మాకు బట్టల దుకాణం ఉంది. నాన్నగారి కాలంలో ఒక్క గదితో మొదలైనది ఇప్పుడు రెండంతస్తులకు పెరిగింది. నన్ను మినహాయిస్తే ఇరవై ముగ్గురు పనిచేస్తున్నారు. మూడు నెలల కిందట, పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యే ముందు, వినికిడీ మాటా లేని ఒక అబ్బాయిని చీరల విభాగంలో మడతలు పెట్టే పనికి చేర్చుకున్నాను. నెల తిరగకముందే ఏ అరలో ఏ రకం ఉందో పాత సేల్స్‌మన్ల కంటే అతనికే బాగా తెలిసిపోయింది. ఎవరైనా ఫోన్‌లో ఒక ఫోటో చూపిస్తే చాలు, దానికి దగ్గరి రంగులో నాలుగు చీరలు తెచ్చి పరుపు మీద పరిచేస్తాడు. అందుకే మడతల దగ్గర నుంచి తెచ్చి కౌంటర్‌లో కూర్చోబెట్టాను.

ఇబ్బంది అక్కడే మొదలైంది. ఒకరోజు ఒకావిడ అతని వెనుక నిలబడి మూడుసార్లు పిలిచారు. అతను తిరిగి చూడకపోయేసరికి కోపం వచ్చి, "చెవుడా ఏంది?" అని గట్టిగా అన్నారు. పక్కనున్న మా సేల్స్‌మన్ "అవునమ్మా, చెవుడే" అని నవ్వాడు. ఆవిడ నొచ్చుకొని, ఏమీ కొనకుండానే వెళ్ళిపోయారు. మరొకరోజు ఒక పెద్దాయన బిల్లు కట్టిన తరువాత వెనక్కి వచ్చి, పాపమంటూ ఆ అబ్బాయి చేతిలో పది రూపాయల నోటు పెట్టారు. అతను ఆ నోటును కాసేపు చూశాడు. ఆయన మెట్లు దిగి వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరకు వచ్చి గల్లాపెట్టెలో వేసి, మళ్ళీ తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నాకు మనసులో ఒకటే గుంజాటన.

పద్దెనిమిదేళ్ళుగా మా దగ్గర ఉన్న పెద్ద సేల్స్‌మన్, సీజన్ అయ్యేదాకా అతన్ని గోదాములోకి పంపుదామని అంటున్నాడు. మా ఇంట్లోవాళ్ళు మరో రకంగా ఆలోచిస్తున్నారు. డిసెంబర్ 3న వికలాంగుల దినోత్సవం వస్తుంది కాబట్టి ఆ అబ్బాయి ఫోటోతో ఒక ఫ్లెక్సీ కట్టిస్తే దుకాణానికి మంచి పేరు వస్తుందని వారి అభిప్రాయం. రెండూ నాకు సరిగా తోచడం లేదు, ఎందుకు తోచడం లేదో చెప్పడమూ నాకు చేతకావడం లేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. చేర్చుకునేటప్పుడు, కొత్తవాళ్ళకు పద్నాలుగు వేలు ఇచ్చే చోట అతనికి ఏడున్నర వేలు మాట్లాడాను. ఆసరా పింఛన్ 4,016 రూపాయలు ఎలాగూ వస్తుంది కదా, రెండూ కలిస్తే సరిపోతుందని అప్పట్లో నాకు అనిపించింది. మా దుకాణం లాంటి చోట్ల వికలాంగులను ఎక్కడ ఉంచాలి, ఎలా ఉంచాలి, చట్టం ఏమంటుంది, గిరాకీ వాళ్ళ చూపును మార్చడం దుకాణదారు పనేనా అన్న విషయాలలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఇక్కడ రాస్తున్నాను.


సమాధానం: ఏనుమాముల గుమాస్తా

నేను వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో ఇరవై ఒక్క ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. రెండేళ్ళ వయసులో పోలియో సోకి ఎడమకాలు పడిపోయింది, చంకకర్రతో నడుస్తాను. కనుక మీ ప్రశ్నకు నేను బయటినుంచి జవాబు చెప్పడం లేదు, గోదాములో కొంతకాలం గడిపిన మనిషిగానే చెబుతున్నాను.

మిర్చి సీజన్‌లో మా మార్కెట్‌కు పొద్దున్నే వచ్చి చూసినవారికి జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ రోజు ధర ఎక్కడ మొదలవుతుందో అక్కడే తేలుతుంది కాబట్టి రైతులు, అడ్తిదారులు, ఖరీదుదారులు అందరూ ఆ బస్తాల చుట్టూనే మూగుతారు. నేను చేరిన మొదటి సంవత్సరం మా అప్పటి యజమాని, పాట అయిపోయేదాకా నన్ను లోపలి గదిలోనే ఉండమన్నారు. పొద్దున్నే కర్రమనిషి ఎదురైతే శకునం బాగుండదని రైతులు అనుకుంటారట. ఆయన చెడ్డవాడు కాదు, నాకు పని ఇచ్చినవాడే. ఏ రైతూ ఆ మాట ఆయనతో అనలేదన్న సంగతి నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. రైతులు అంటారేమోనన్నది ఆయన భయం, ఆ భయానికి మాత్రం ఒక సీజన్ మొత్తం నేను బస్తాల దుమ్ములో కూర్చొని దగ్గాను.

మీ పెద్ద సేల్స్‌మన్ చెబుతున్నదీ అలాంటి భయమే అయి ఉండవచ్చు. మూడు నెలల్లో ఎందరు గిరాకీ వాళ్ళు ఆ అబ్బాయి దగ్గర కూర్చొని కొన్నారో, ఎందరు లేచి వెళ్ళారో ఒకసారి బిల్లు పుస్తకం తీసి లెక్కపెట్టండి. వెళ్ళిపోయిన ఒక్కావిడ మీకు గుర్తున్నారు. కొన్నవాళ్ళు ఎవరికీ గుర్తుండరు.

నా విషయంలో మార్పు ఉపన్యాసాలతో రాలేదు. రెండో సంవత్సరం పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాస్తుంటే, కాంటా (తూకం) చీటీలో ఉన్న రెండు బస్తాలు మా పుస్తకంలోకి ఎక్కలేదని గమనించి చెప్పాను. ఆయనకు రావలసిన డబ్బు ఆయనకు వచ్చింది. ఆ మరుసటి వారం ఆయన ఊరివాళ్ళు మరో ముగ్గురు వచ్చి, వేరే దుకాణం వాళ్ళు రాసిన తక్‌పట్టీలు కూడా నా ముందు పెట్టి చదివి చెప్పమన్నారు. కాలికి ఏమైందని అడిగేవాళ్ళు అప్పటినుంచి తగ్గిపోయారు. లోపలి గదిలోనే ఉండిపోయి ఉంటే ఆ చీటీ నా చేతికి వచ్చేదే కాదు. ఇప్పుడు జెండా పాట ధరను మా దుకాణం బోర్డు మీద రాసేది నేనే.

పింఛన్ గురించి కూడా చెప్పాలి, మీరు ఉన్నమాట ఒప్పుకున్నారు కాబట్టి నేనూ సూటిగానే అంటాను. ఆ నాలుగు వేల పదహారు రూపాయలు మీ దగ్గర జీతం తగ్గించుకోవడానికి ప్రభుత్వం ఇస్తున్నది కాదు. అందరూ ఇరవై రూపాయలకు పోయే దూరానికి నేను ఆటో మొత్తం మాట్లాడుకోవాలి, ఎందుకంటే కర్ర చూస్తే షేర్ ఆటో ఆగదు. కర్ర కింది రబ్బరు బొడిపె అరిగిపోయినప్పుడల్లా మార్చాలి, వానాకాలంలో మార్చకపోతే జారిపడతాను. వైకల్యానికి అయ్యే ఖర్చు అలా చిల్లరగా, రోజూ అవుతూనే ఉంటుంది. చీర అమ్మిన పనికి ధర ఒకటే ఉండాలి కదా, అమ్మిన చెవులను బట్టి ధర మారుతుందా?

ఇంకొక మాట. మీ అబ్బాయిని దుకాణంలో ఏమని పిలుస్తున్నారో గమనించండి. మన వైపు కుంటోడు, గుడ్డోడు, మూగోడు అన్నవి పేర్లయిపోయాయి, చెడు ఉద్దేశం లేకుండానే అంటారు. 2015 నుంచి దివ్యాంగులు అనే మాట వాడుకలోకి వచ్చింది. నన్ను అడిగితే వికలాంగుడన్నా నాకు అభ్యంతరం లేదు, కానీ పని చెప్పేటప్పుడు నా పేరు పెట్టి పిలవాలి. మా దుకాణంలో హమాలీలకు అది అలవాటు కావడానికి మూడేళ్ళు పట్టింది.


సమాధానం: కాజీపేట న్యాయవాది

పై మిత్రుడు చెప్పిన తరువాత అనుభవం గురించి నేను కలపవలసింది ఏమీ లేదు కనుక చట్టం సంగతి మాత్రమే రాస్తాను. చాలామంది దుకాణదారులు, వికలాంగుల చట్టమంటే ప్రభుత్వ ఉద్యోగాలలో రిజర్వేషన్ అని మాత్రమే అనుకుంటున్నారు, అది సగం నిజం.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్నది, 21 రకాలను గుర్తిస్తుంది. ఆటిజం, తలసీమియా, యాసిడ్ దాడి వల్ల కలిగిన వైకల్యం, మరుగుజ్జుతనం, చదవడంలో రాయడంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులు వంటివి ఇందులో ఉన్నాయి. దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో భారత్‌తో సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ప్రకటించారు. అందువల్ల వికలాంగుడు అనగానే మూడు చక్రాల బండి గుర్తుకు వచ్చే అలవాటును మనం మార్చుకోక తప్పదు, రేపు పని అడగడానికి వచ్చే యువకుడికి పైకి ఏమీ కనిపించకపోవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగాలలో నాలుగు శాతం రిజర్వేషన్ ఉన్నది. ప్రైవేటు సంస్థలకు అలాంటి నిర్బంధం లేదు, కనీసం ఐదు శాతం సిబ్బంది వికలాంగులు ఉండేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రమే 35వ సెక్షన్ అంటుంది. అయితే 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా, అది ప్రైవేటుదైనా సరే, సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రకటించాలి. ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థ అయితే ఏయే పనులు ఎవరికి అనువైనవో, ఎంపిక, శిక్షణ ఎలా ఉంటాయో, ఏ పరికరాలు, వసతులు కల్పిస్తారో ఆ విధానంలో రాయాలి, ఈ విషయాలు చూసుకోవడానికి ఒక లైజన్ అధికారిని నియమించాలి. మీ దగ్గర ఇరవై ముగ్గురు ఉన్నారు కాబట్టి ఇది మీకు వర్తిస్తుంది. వెబ్‌సైట్ లేకపోతే దుకాణంలో అందరికీ కనిపించే చోట ఆ కాగితం అంటించినా సరిపోతుంది. మీ ఇంట్లోవారు కట్టించాలనుకుంటున్న ఫ్లెక్సీ కంటే ఈ కాగితానికే విలువ ఎక్కువ.

అదే చట్టంలో సముచిత సర్దుబాటు అనే భావన ఉన్నది. యజమాని మీద మోయలేని భారం పడకుండా, వికలాంగుడైన ఉద్యోగి మిగతావారితో సమానంగా పని చేయడానికి కావలసిన మార్పులు చేయడమని దాని అర్థం. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనిని సమానత్వపు హక్కులో భాగంగానే చూసింది, ఎవరి అవసరం ఏమిటో ఆ వ్యక్తిని సంప్రదించి తేల్చాలని కూడా చెప్పింది. ఒకే పనికి వైకల్యం పేరుతో సగం జీతం ఇవ్వడం వివక్ష కిందికి వస్తుంది, దాన్ని ఈ నెలలోనే సరిచేసుకోండి. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే పదివేల వరకు, మళ్ళీ ఉల్లంఘిస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నది. నలుగురి ముందు అవమానించాలనే ఉద్దేశంతో వికలాంగుణ్ణి అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. మీ సేల్స్‌మన్ నవ్వు అంతదాకా వెళ్ళేది కాకపోవచ్చు, కానీ ఆ సెక్షన్ ఉందని అతనికి తెలియడం మంచిది.

ఒక చిన్న సంగతి: ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించే జీత పరిమితి మిగతావారికి నెలకు 21,000 అయితే వికలాంగులకు 25,000. జీతం పెంచితే ఈఎస్ఐ పోతుందేమోనని వెనుకాడవలసిన పని లేదు.


సమాధానం: జమ్మికుంట పాత వ్యాపారి

అందరూ పెద్ద మనసుతో రాస్తున్నారు, సంతోషం. కానీ దుకాణం నడిపేవాడి బాధ కూడా ఒకరు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పెళ్ళిళ్ల సీజన్‌లో ఒక్కో పరుపు దగ్గర పది మంది కూర్చుంటారు, ఒకరు అంచు చూపించమంటే మరొకరు ధర తగ్గించమంటారు. బేరమంతా నోటితోనే నడుస్తుంది. లెమన్ ట్రీ లాంటి హోటళ్ళ వాళ్ళు వినికిడి లేనివాళ్ళను ఎందరినో పెట్టుకున్నారని పేపర్లలో చదివాను. వాళ్ళకు శిక్షణ ఇచ్చే విభాగాలు ఉంటాయి, మనకు ఎవరున్నారు? ఆ అబ్బాయికి పని ఇవ్వడమే మంచి పని. గోదాములో పెట్టినంత మాత్రాన అవమానం అనుకోనవసరం లేదు, గోదాములో పని చేసేవాళ్ళూ మనుషులే. గిరాకీ వాళ్ళ మనసు మార్చే బాధ్యత బట్టల దుకాణం మీద మోపడం న్యాయం కాదని నా అభిప్రాయం.


సమాధానం: కొత్తవాడ అమ్మ

జమ్మికుంట పెద్దాయన మాటలో నాకు ఒక సగం నచ్చింది, గోదాము పనిని తక్కువగా చూడకూడదన్నది. మిగతా సగం నచ్చలేదు. గోదాములో ఉండడం అవమానం కాదు, పని వచ్చినవాణ్ణి జనం చూడకూడదని అక్కడికి తోసేయడం అవమానం. ఇక పెద్ద సంస్థల సంగతి. ఆ హోటళ్ళ వాళ్ళు కూడా 2007లో కొద్దిమందితోనే మొదలుపెట్టారు. ముంబయిలో 2009లో మొదలైన మిరాకిల్ కొరియర్స్ కొరియర్లు అందించే పనికి వినికిడి లేనివాళ్ళనే పెట్టుకుంది. కొరియర్ ఇచ్చేటప్పుడు ఎంతమందితో మాట్లాడవలసి వస్తుందో మనకు తెలియనిది కాదు.

మా ఇల్లు వరంగల్ కొత్తవాడలో. మా మామగారు జంపఖానాలు నేసేవారు. ఇప్పుడు వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2018లో. ఆయన రోజుల్లో అలాంటి పేర్లేవీ లేవు. ఆయనకు నలభై ఏళ్ళు వచ్చేసరికి పూర్తిగా చెవుడు వచ్చింది. మగ్గం మీద కూర్చుంటే రంగులు అడిగేవాళ్ళు నూలు కండె ఎత్తి చూపించేవారు, కొలతలు మూరలతో చూపించేవారు. సేటు దగ్గర బేరం వేళ్ళతో జరిగేది. ఆ వాడలో ఎవ్వరూ ఆయన్ని వికలాంగుడని అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. బేరమంతా నోటితోనే నడుస్తుందని పెద్దాయన అన్నప్పుడు నాకు మా మామగారి వేళ్ళే గుర్తుకు వచ్చాయి.

ఫ్లెక్సీ విషయంలో మాత్రం నేను చెప్పేది కాస్త చేదుగా ఉంటుంది. మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు, మేధో వైకల్యం ఉంది. నెమ్మదిగా చెబితే ఏ పనైనా నేర్చుకుంటుంది, నేర్చుకున్నదాన్ని మాత్రం మనలాగా బద్ధకించి వదిలేయదు. రెండేళ్ళ కిందట నవంబర్ నెలాఖరులో ఒక దుకాణం వాళ్ళు పిలిచి పని ఇచ్చారు. డిసెంబర్ 3న శాలువా కప్పి ఫోటో తీశారు, మరునాడు పేపర్లో వచ్చింది. సంక్రాంతి గిరాకీ అయిపోగానే, ఇక పని లేదు, అవసరమైతే పిలుస్తామని చెప్పారు. మా అమ్మాయి మాత్రం నెల రోజుల పాటు పొద్దున ఎనిమిదింటికి తల దువ్వుకొని, టిఫిన్ డబ్బా పట్టుకొని గడప దగ్గర కూర్చునేది. ఆ ఫోటో ఇప్పటికీ ఆ దుకాణం గోడ మీద ఉందని తెలిసినవాళ్ళు చెప్పారు. అందుకని, దయచేసి ఫ్లెక్సీ వద్దు. దుకాణం పేరు కోసం తీసే ఫోటోలలో మా పిల్లలు ఎప్పుడూ చేతులు కట్టుకొని, పక్కన నిలబడ్డవాళ్ళ దయ కింద కనిపిస్తారు. సంక్రాంతికో దసరాకో మీరు వేసే మామూలు ప్రకటనలో మిగతా సిబ్బందితో పాటు ఆ అబ్బాయి కూడా చీర పట్టుకొని నిలబడితే, అతని చెవుల గురించి ఒక్క ముక్క కూడా రాయకపోతే, అది వేరు.

గొప్పవాళ్ళ కథలు చెప్పేవాళ్ళంటే కూడా నాకు కొంచెం భయం. శ్రీకాంత్ బొల్లా గారు పుట్టుకతోనే చూపు లేకపోయినా అమెరికాలోని ఎం.ఐ.టీ.లో చదివి, 2012లో హైదరాబాద్ కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, ఎందరో వికలాంగులకు పని ఇస్తున్నారు. ఆయన్ని చూస్తే గర్వంగానే ఉంటుంది. కానీ ఆ కథ విన్న ప్రతివాళ్ళూ నా వైపు తిరిగి, మీ అమ్మాయిలో కూడా ఏదో ఒక ప్రత్యేకమైన ప్రతిభ ఉండే ఉంటుందని అంటారు. లేదండీ. మామూలు పిల్ల, మామూలు పని చాలు. మామూలుగా పని చేసే వికలాంగులకు మామూలు జీతం ఇచ్చే దుకాణాలు ఊరికి నాలుగు ఉంటే, మాలాంటివాళ్ళం ఇంత పొడుగు ఉత్తరాలు రాయనవసరం ఉండదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నట్టు తేలింది. వాళ్ళలో పని చేస్తున్నవాళ్ళు మూడింట ఒక వంతుకు కాస్త పైన మాత్రమే.

చివరగా అసలు సంగతి. ఇక్కడ కౌంటర్ అన్నవాళ్ళున్నారు, గోదాము అన్నవాళ్ళున్నారు, చట్టం చెప్పినవాళ్ళున్నారు. మీ ప్రశ్నను నేను రెండుసార్లు చదివాను. ఆ అబ్బాయిని మీరు ఒక్కసారైనా అడిగినట్టు అందులో ఎక్కడా లేదు. కాగితం మీద రాసి అడగవచ్చు, కానీ వినికిడి లేని పిల్లలు చాలామందికి సైగల భాషే మాతృభాష లాంటిది, దాని వ్యాకరణం తెలుగు వ్యాకరణం కాదు. అందువల్ల రాతలో తడబడితే తెలివి లేదనుకోకండి. పెదవుల కదలిక చూసి అంతా అర్థం చేసుకుంటాడని కూడా అనుకోకండి. సైగల భాష తెలిసిన ఇంటివాళ్ళు ఎవరైనా ఉంటే మధ్యలో కూర్చోబెట్టుకొని అడగండి. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణా కేంద్రం వాళ్ళు 2021లో పదివేల మాటల వీడియో నిఘంటువు తెచ్చారు, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అందులో నుంచి రోజుకు రెండు సైగలు, చీర, రంగు, ధర, తక్కువ, ఎక్కువ లాంటివి, మీ సిబ్బంది నేర్చుకున్నా నెలకు అరవై అవుతాయి.


ప్రశ్న అడిగినవారు: హనుమకొండ బట్టల దుకాణం

అమ్మా, మీరు పట్టుకున్నది నిజం. నేను అడగలేదు. ఇంట్లో అడిగాను, సేల్స్‌మన్‌ను అడిగాను, చివరికి ఇక్కడ ముక్కూమొహం తెలియని మిమ్మల్ని కూడా అడిగాను.

నిన్న రాత్రి దుకాణం మూసిన తరువాత అతని అక్కను రమ్మని కబురు చేశాను, ఆమెకు సైగల భాష బాగా వచ్చు. మొదట, వచ్చే నెల నుంచి జీతం పద్నాలుగు వేలని, గడిచిన మూడు నెలల తేడా కూడా ఇస్తానని చెప్పాను. ఆమె చేతులతో చెప్పింది, అతను రెండుసార్లు మళ్ళీ అడిగించుకున్నాడు. తరువాత కౌంటర్ కావాలా, గోదాము కావాలా అని అడిగాను. అతను జవాబు చెప్పకుండా లేచి వెళ్ళి, చీరలు భుజం మీద వేసి చూపించే నిలువుటద్దం దగ్గర నిలబడ్డాడు. దాన్ని ఇప్పుడున్న చోటు నుంచి ఎదుటి స్తంభం దగ్గరకు జరపాలని చేత్తో చూపించాడు. నాకు అర్థం కాలేదు. వాళ్ళ అక్క వివరించింది: అద్దం అక్కడ ఉంటే తను పరుపు మీద కూర్చున్నప్పుడు వెనుక నుంచి ఎవరు వస్తున్నారో, ఎవరు పిలుస్తున్నారో కనిపిస్తుందట. మూడు నెలలుగా ఆ మాట చెప్పాలని చూస్తున్నాడట. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియలేదట.

అద్దం జరపడానికి ఇద్దరు మనుషులు, పావుగంట పట్టింది. నాలుగు మేకులు ఖర్చయ్యాయి.

రెండో కోరిక కూడా ఒకటి చెప్పాడు. బేరం దగ్గర మాట తొందరగా నడవాలంటే పెద్ద అంకెలు ఉన్న కాలిక్యులేటర్ కావాలన్నాడు, ఇచ్చాను. పెద్ద సేల్స్‌మన్‌తో కూడా విడిగా మాట్లాడాను, ఆ రోజు నవ్విన కుర్రవాడితో అతనే మాట్లాడతానన్నాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఈ రోజు మాత్రం ఆ కుర్రవాడు భుజం తట్టకుండా, ఎదురుగా వెళ్ళి చెయ్యి ఊపి పిలవడం చూశాను. అందరికీ మార్పు రాలేదు. సాయంత్రం వచ్చిన ఒక కుటుంబం వాళ్ళు అతని దగ్గర కూర్చున్న తరువాత విషయం తెలిసి, లేచి పక్క పరుపు దగ్గరకు మారారు. నేను వెళ్ళి ఏమీ అనలేదు, అనాలో వద్దో ఇంకా తేలలేదు.

ఫ్లెక్సీ మాట ఇంట్లో మానేశారు. న్యాయవాది గారు చెప్పిన కాగితం ఈ ఆదివారం కూర్చొని రాస్తాను, లైజన్ అధికారిగా మా బిల్లింగ్ చూసే అమ్మాయి ఉంటానన్నది. రాయడం మొదలుపెడితే ఇంకొక ప్రశ్న వచ్చింది. ఏ వసతులు ఉన్నాయో అందులో రాయాలి కదా, మా దుకాణం ముందు మూడు మెట్లున్నాయి. ఒక్కొక్కటి ఆరు అంగుళాలు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ గుర్తుకు రావడం లేదు. మెట్ల వల్లే రాలేదేమోనన్న ఆలోచన నాకు ఈ రోజే వచ్చింది. ర్యాంపు వేయించాలంటే ఎంత స్థలం కావాలి?


సమాధానం: కాజీపేట న్యాయవాది

ఎత్తు ఒక వంతు అయితే పొడవు పన్నెండు వంతులు ఉండాలన్నది ప్రమాణం. మీ మూడు మెట్లు కలిసి పద్దెనిమిది అంగుళాలు కాబట్టి పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. నిటారుగా వేస్తే పేరుకు ర్యాంపు ఉంటుంది, ఎక్కబోయిన మనిషి వెనక్కి పడతాడు. ఈ మధ్య కట్టిన చాలా భవనాలలో అలాంటివే కనిపిస్తున్నాయి. అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా ఉండాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది కూడా. మీ ముందు మోరీ, ఫుట్‌పాత్ ఉంటాయి కనుక నేరుగా రోడ్డు వైపు రాకపోవచ్చు. గోడ వెంట పక్కకు తిప్పి, మధ్యలో ఒక చదునైన చోటు ఇచ్చి వేయించవచ్చునేమో చూడాలి.


సమాధానం: ఏనుమాముల గుమాస్తా

కాగితం మీద లెక్కలు వేరు, కర్రతో ఎక్కి చూడడం వేరు. ఆదివారం మా మార్కెట్‌కు సెలవు. పదిన్నరకు వచ్చి మీ మెట్ల కింద నిలబడి ఫోన్ చేస్తాను, నంబర్ సందేశంలో పంపండి. కొలిచే టేపు, రెండు సుద్దముక్కలు తెచ్చి ఉంచండి. వీలైతే ఆ అబ్బాయిని కూడా రమ్మనండి, అద్దం సంగతి కనిపెట్టినవాడు కదా, ర్యాంపు ఎటు తిరగాలో కూడా అతని కంటికే ముందు కనిపించవచ్చు.